కాల్షియం బిళ్లలు వేసుకుంటున్నా ఎముకలు ఎందుకు గుల్లబారాయి?

ప్రశ్న: మా అమ్మకు 69 ఏళ్లు. 38వ ఏట గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేశారు. చాలా ఏళ్లుగా కాల్షియం బిళ్లలు వేసుకుంటోంది, రోజూ పాలు తాగుతుంది. అయినా కిందటేడు వాకిట్లో జారిపడితే మణికట్టు విరిగింది. ఎముక సాంద్రత కొలిచే డెక్సా స్కాన్ తీసి ఎముకలు గుల్లబారాయన్నారు. ఆరు నెలలకోసారి వేసే డెనోసుమాబ్ ఇంజెక్షన్ మొదలుపెట్టారు. రెండు వేయించాం. మూడోది కిందటి నెలలో వేయించాలి, ఇంట్లో పెళ్లి పనుల్లో పడి ఆగిపోయాం. ‘చేయి అతుక్కుంది కదా, ఇంకెందుకు ఆ ఖర్చు’ అంటోంది మా పిన్ని. మోకాళ్లలో గుజ్జు కూడా అరిగిపోయిందట. మూలకణాల ఇంజెక్షన్ వేయిస్తే గుజ్జు మళ్లీ పుడుతుందని తెలిసినాయన ఒకరు చెప్పారు. మాది నల్లగొండ జిల్లా కాబట్టి ఇదంతా ఫ్లోరైడ్ నీళ్ల వల్లేనని కొందరంటున్నారు. అసలు ఎముక లోపల ఏం జరుగుతోంది? నాకు 46 ఏళ్లు, నెలసరి సరిగ్గా రావడం లేదు. నాకూ ఇలాగే అవుతుందేమోనని టెన్షన్‌గా ఉంది.
ఒక పాఠకురాలు, మిర్యాలగూడ

సమాధానం: మీ ఉత్తరం చదవగానే నన్ను కంగారు పెట్టిన మాట ఒక్కటే, మూడో ఇంజెక్షన్ ఆగిపోయిందన్నది. మిగతావి తర్వాత మాట్లాడుకుందాం. ఈ వారంలోనే అమ్మగారిని ఆ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. రెండో ఇంజెక్షన్ ఏ తేదీన వేశారో చూసి కాగితం మీద రాసుకోండి. వెళ్లేముందు ఫోన్ చేసి రక్తంలో కాల్షియం, విటమిన్ డి, కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్షలు చేయించుకుని రావాలా అని అడగండి. కాల్షియం తక్కువగా ఉన్నప్పుడు ఈ ఇంజెక్షన్ వేయకూడదు, ముందు దాన్ని సరిచేయాలి. పిన్నిగారు అమ్మ మేలు కోరే ఆ మాట అని ఉంటారు. కానీ ఈ మందు విరిగిన చేయి కోసం వేస్తున్నది కాదు. ఇంకా విరగని తుంటి కోసం, వెన్నుపూసల కోసం వేస్తున్నది. అది ఎలా పనిచేస్తుందో తెలిస్తే, ఆపితే ఏమవుతుందో కూడా తెలుస్తుంది.

ఎముక అంటే ఒకసారి పెరిగాక కదలకుండా పడి ఉండే వస్తువని చాలామంది అనుకుంటారు. బతికున్న మనిషి ఒంట్లో అలా ఉండదు. పెద్దవాళ్ల ఎముకల్లో ఏటా దాదాపు పదో వంతు కరిగిపోయి, ఆ చోట కొత్త ఎముక పుడుతుంది. నడకలో, బరువులెత్తడంలో ఎముకకు పడే సన్నని బీటలు బాగయ్యేది ఇలాగే. రక్తంలో కాల్షియం తగ్గినప్పుడు ఒళ్లు ఎముకలోంచి దాన్ని తీసుకునేదీ ఇలాగే.

కరిగించే పని ఆస్టియోక్లాస్టులు అనే కణాలది. ఇవి పుట్టుకతో రక్తకణాల జాతివి. మోనోసైట్ల వంశానికి చెందిన కణాలు కొన్ని ఒకదానితో ఒకటి కలిసిపోయి ఒక్క పెద్ద కణంగా మారతాయి. అందుకే ఒక్కో ఆస్టియోక్లాస్టులో చాలా కేంద్రకాలు కనిపిస్తాయి. అది ఎముక మీద గట్టిగా అతుక్కుని, చుట్టూ అంచు మూసేసి, ఆ మూసిన చోట ఆమ్లం వదులుతుంది. ఆమ్లానికి ఖనిజం కరుగుతుంది. మిగిలిన కొల్లాజెన్ అనే ప్రొటీన్ పోగులను కెథెప్సిన్ కె అనే ఎంజైమ్ తెంచేస్తుంది. రెండు మూడు వారాల్లో అక్కడ చిన్న గుంట మిగులుతుంది.

ఆ గుంట పూడ్చేవి ఆస్టియోబ్లాస్టులు. ఇవి మూలుగలోని మూలకణాల నుంచి వస్తాయి. ముందు కొల్లాజెన్ పరుస్తాయి, తర్వాత దాని మీద కాల్షియం, ఫాస్ఫేట్ కలిసిన స్ఫటికాలు పేరుకుని గట్టిపడతాయి. దీనికి మూడు నాలుగు నెలలు పడుతుంది. ఇల్లు పడగొట్టడానికి రెండు రోజులు చాలు, కట్టడానికే నెలలు కావాలి కదా, ఇదీ అంతే. ఈ తేడాలోనే జబ్బంతా ఉంది. కరిగించే కణాలు ఒక్కసారిగా పెరిగితే, కట్టే కణాలు ఎంత కష్టపడినా వాటిని అందుకోలేవు. పైగా వయసు మీదపడే కొద్దీ మూలుగలోని మూలకణాలు ఆస్టియోబ్లాస్టులుగా మారడం తగ్గి, కొవ్వు కణాలుగా మారడం ఎక్కువవుతుంది. అంటే కట్టేవాటి సంఖ్యే తగ్గిపోతుంది.

మూడో రకం కణాల గురించి బయట ఎవరూ పెద్దగా మాట్లాడరు. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనవి అవే. వాటి పేరు ఆస్టియోసైట్లు. ఎముక కట్టే పని పూర్తయ్యాక, అందులోనే కూరుకుపోయిన ఆస్టియోబ్లాస్టులు ఇవి. ఎముకలోని కణాల్లో 90 శాతానికి పైగా ఇవే. దశాబ్దాల తరబడి బతుకుతాయి. సన్నని తీగల్లాంటి చేతులు చాచి ఒకదాన్నొకటి తాకుతూ, ఎముక మీద ఎక్కడ ఎంత బరువు పడుతోందో కనిపెడతాయి. బరువు పడకపోతే స్క్లెరోస్టిన్ అనే ప్రొటీన్‌ను ఎక్కువగా వదిలి, ఎముక కట్టడాన్ని అణచివేస్తాయి. అంతరిక్షంలో ఉన్న వ్యోమగాములకు తుంటి దగ్గర నెలకు ఒక శాతానికి పైగా ఎముక తగ్గేది ఇందుకే. పడిపోతుందేమోనన్న భయంతో పెద్దావిడను మంచానికి, కుర్చీకి పరిమితం చేసే ఇళ్లలో జరిగేదీ కొంతవరకు ఇదే.

కరిగించే కణాలు పుట్టాలంటే ఎవరో ఒకరు వాటికి కబురు పెట్టాలి. ఆ కబురు ర్యాంక్‌ఎల్ అనే ప్రొటీన్. ఎముక కట్టే కణాలు, ఆస్టియోసైట్లు దీన్ని తయారుచేస్తాయి. ఆ కబురు అందకుండా మధ్యలో పట్టుకుని ఆపేసే ఇంకో ప్రొటీన్‌ను కూడా అవే కణాలు చేస్తాయి, దాని పేరు ఆస్టియోప్రొటెజెరిన్. ఈ రెండింటినీ 1997-98లో అమెరికాలో ఒక బృందం, జపాన్‌లో ఒక బృందం విడివిడిగా, దాదాపు ఒకేసారి కనిపెట్టాయి. జపాన్ బృందం పనిచేసింది ఒక పాల కంపెనీ పరిశోధనశాలలో!

ఈస్ట్రోజెన్ ఉన్నంతకాలం ఈ రెండింటి మధ్య తూకం నిలబడుతుంది. ఈస్ట్రోజెన్ కబురును తగ్గిస్తుంది, ఆపేదాన్ని పెంచుతుంది, కరిగించే కణాలను త్వరగా చనిపోయేలా చేస్తుంది, కట్టే కణాలను ఎక్కువకాలం బతికిస్తుంది. నెలసరి ఆగిపోయాక ఇవన్నీ తలకిందులవుతాయి. అందుకే ఆ తర్వాతి ఐదేడు సంవత్సరాల్లో కొందరు స్త్రీలు 20 శాతం వరకు ఎముకను పోగొట్టుకుంటారు. నొప్పి ఉండదు, వాపు ఉండదు. ఎముక విరిగేదాకా ఎవరికీ తెలియదు.

ఇప్పుడు అమ్మగారి సంగతి చూడండి. మన దగ్గర నెలసరి మామూలుగా 46, 47 ఏళ్ల ప్రాంతంలో ఆగిపోతుంది. ఆమెకు అండాశయాలు తీసేయడంతో 38కే ఒక్కరోజులో ఆగింది. దాదాపు ఎనిమిదేళ్ల రక్షణ అక్కడే పోయింది. మణికట్టు విరగడానికి కారణం వాకిట్లో తడి అనుకుంటున్నారు గానీ, అసలు కారణం ముప్పై ఏళ్ల కిందటి ఆ ఆపరేషన్‌తోనే మొదలైందని నేను అనుకుంటాను. ఇది మీ ఒక్క ఇంటి కథ కాదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీసేసినవారు దేశం మొత్తం మీద 3 శాతం పైచిలుకు. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 శాతం, తెలంగాణలో దాదాపు 8 శాతం. ముప్పై దాటగానే తెల్లబట్ట అవుతోందనో, నడుం నొప్పి అనో, ‘పిల్లలు పుట్టేశారు, ఇంకెందుకు’ అనో తీయించేసుకున్న ఆడవాళ్లు మన ఊళ్లలో ఎంతమందో. ఆ ఆపరేషన్ నిజంగా అవసరమైనవాళ్లు ఉంటారు, కాదనను. కానీ అండాశయాలు ఉంచుతున్నారా తీసేస్తున్నారా అని అడిగే హక్కు ప్రతి ఆడమనిషికీ ఉంది. తీసేస్తే ఎముకల కోసం ఏం చేయాలో అప్పుడే చెప్పాల్సిన బాధ్యత డాక్టరుకు ఉంది. అమ్మగారికి ఆ రోజు ఎవరైనా ఆ మాట చెప్పి ఉంటే బాగుండేది.

మరి ఇన్నేళ్ల కాల్షియం బిళ్లలు ఏమయ్యాయి? అవి వృథా కాలేదు. కాల్షియం ఎముకకు ముడిసరుకు. అది లేకపోతే పరిస్థితి ఇంకా దిగజారేది. కానీ కరిగించే కణాలను ఆపే శక్తి దానికి లేదు. విటమిన్ డి తక్కువగా ఉంటే మింగిన కాల్షియం పేగుల్లోంచి సరిగ్గా ఒంటికి ఎక్కదు కూడా. మనకు ఎండకేం తక్కువ అనుకోకండి. తిరుపతి స్విమ్స్‌లో చేసిన పరిశీలనల్లో మన తెలుగు స్త్రీలలో విటమిన్ డి లోపం చాలా ఎక్కువగా కనిపించింది. లేత ఎండ మంచిదని పొద్దున్నే అరుగు మీద కూర్చుంటారు, కానీ చర్మంలో విటమిన్ డి బాగా తయారయ్యేది పగలు 11 నుంచి 2 గంటల మధ్య ఎండలో. మే నెలలో ఆ ఎండలో కూర్చోమని 69 ఏళ్ల ఆవిడకు నేను చెప్పను. పరీక్ష చేయించి, లోపం ఉంటే మందు వాడటమే మేలు. అయితే వారానికోసారి వేసుకునే 60,000 యూనిట్ల మందును డాక్టరు చెప్పిన వారాలకు మించి సొంతంగా కొనసాగించకండి. మోతాదు మించితే రక్తంలో కాల్షియం పెరిగి కిడ్నీలకు దెబ్బ. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫారసుల ప్రకారం పెద్దవాళ్లకు రోజుకు వెయ్యి మిల్లీగ్రాముల కాల్షియం, నెలసరి ఆగిపోయిన స్త్రీలకు 1,200 మిల్లీగ్రాములు కావాలి. వంద గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాములు ఉంటుంది. పాలు, పెరుగు, రాగి జావ, పొట్టుతో ఉన్న నువ్వులు కలిస్తే చాలావరకు తిండిలోనే వస్తుంది. తక్కువైనంత వరకే బిళ్ల. అదీ ఒక పూటకు 500 మిల్లీగ్రాములు మించితే ఒళ్లు సరిగ్గా తీసుకోదు.

ఇంకో విషయం తప్పకుండా వెతకండి. మోకాళ్ల నొప్పులకని ఆమె ఎప్పుడైనా ఆర్ఎంపీ దగ్గర ఇంజెక్షన్లు వేయించుకున్నారా? పేరు రాయని పొట్లాల మందు, ‘ఆకు మందు’ పేరుతో అమ్మే మాత్రలు వాడారా? వేసుకున్న గంటల్లోనే నొప్పి మాయమై, ఆకలి పెరిగి, ముఖం ఉబ్బినట్టయితే అందులో స్టెరాయిడ్ ఉండవచ్చు. స్టెరాయిడ్లు ఎముక కట్టే కణాలను, ఆస్టియోసైట్లను చంపేస్తాయి. కరిగించేవాటిని మాత్రం ఎక్కువకాలం బతకనిస్తాయి. అలాంటివి ఇంట్లో ఉంటే అన్నీ సంచిలో వేసి డాక్టరుకు చూపించండి. ఒక్కసారిగా ఆపకండి. చాలాకాలం వాడినవాళ్లకు ఉన్నట్టుండి స్టెరాయిడ్ మానేయడమే ప్రమాదం.

ఇంజెక్షన్ దగ్గరికి మళ్లీ వస్తాను. డెనోసుమాబ్ చేసే పని ఇందాక చెప్పిన ర్యాంక్‌ఎల్ కబురును పట్టి ఆపడం. అమెరికాలో 2010లో దీనికి అనుమతి వచ్చింది. మంచి మందు. కానీ ఎముకలోకి వెళ్లి నిలిచే మందు కాదు, దాదాపు ఆరు నెలలకు ప్రభావం తగ్గిపోతుంది. అప్పుడేమవుతుంది? 2021లో సిడ్నీలోని గార్వన్ సంస్థ శాస్త్రవేత్తలు ఎలుకల్లో ఒక సంగతి చూశారు. ఆస్టియోక్లాస్టులు పని అయ్యాక అన్నీ చనిపోవు. చిన్న చిన్న కణాలుగా విడిపోయి మూలుగలో ఉండిపోతాయి. ర్యాంక్‌ఎల్ మళ్లీ అందగానే తిరిగి ఒకటై ఎముక మీద పడతాయి. వాటికి ఆస్టియోమార్ఫులని పేరు పెట్టారు. కబురును ఆపే మందు వాడినంతకాలం ఇవి పోగుపడుతూ ఉండి, మందు ఆగగానే ఒక్కుమ్మడిగా లేస్తాయన్నది ఆ పరిశోధన చెప్పే కారణం. కారణం ఏదైనా, మనుషుల్లో ఫలితం మాత్రం డాక్టర్లకు బాగా తెలిసినదే. డెనోసుమాబ్ వాడి, వేరే మందు ఏదీ వాడకుండా ఆపేసినవాళ్లలో ఎముక వేగంగా తగ్గుతుంది. కొందరిలో రెండు మూడు వెన్నుపూసలు వరసగా నలిగి విరుగుతాయి. చివరి డోసు పడి ఏడు నెలలు దాటినప్పటి నుంచి ఈ ముప్పు మొదలవుతుంది. అమ్మగారికి పడ్డవి రెండు డోసులే కాబట్టి, ఏళ్ల తరబడి వాడి ఆపినవాళ్లంత ప్రమాదం ఉండకపోవచ్చు. అయినా ఆలస్యం చేయడానికి అది సాకు కాకూడదు. ఈలోగా ఆమెకు కొత్తగా నడుం నొప్పి, వీపు నొప్పి వచ్చాయంటే వెన్నెముక ఎక్స్‌రే తీయించమని అడగండి.

ఖర్చు నిజంగా ఇబ్బందైతే ఆ మాట డాక్టరుతో మొహమాటం లేకుండా చెప్పండి. మన దేశంలో తయారయ్యే తక్కువ ధర రకాలు ఉన్నాయి. ఏడాదికోసారి సెలైన్‌లా ఎక్కించే జోలెడ్రోనిక్ యాసిడ్‌కు, వారానికోసారి మింగే అలెండ్రోనేట్‌కు మారే దారీ ఉంది. ఇవి ఎముకకే అంటుకుని ఉండి, కరిగించే కణాలు తమను మింగగానే వాటిని దెబ్బతీస్తాయి. అందుకే డెనోసుమాబ్ ఆపేటప్పుడు ఆ ఖాళీని పూడ్చడానికి వీటినే వాడతారు. కిడ్నీలు ఎలా ఉన్నాయో చూసి ఏది సరిపోతుందో డాక్టరే నిర్ణయించాలి. మారండి, మానకండి. అమ్మగారికి పళ్లు పీకించాల్సినవి ఉంటే ఆ సంగతి కూడా ముందే చెప్పండి. ఈ మందుల వల్ల దవడ ఎముకకు అరుదుగా ఇబ్బంది వస్తుంది కాబట్టి, పళ్ల పని ఎప్పుడు చేయించాలో వాళ్లు చెబుతారు.

ఫ్లోరైడ్ మాటను నేను కొట్టిపారేయను. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను మొదట నమోదు చేసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో. నల్లగొండ బాధ అందరికీ తెలిసిందే. ఫ్లోరైడ్ ఎముక కట్టే కణాలను రెచ్చగొడుతుంది. ఎముక స్కాన్‌లో దట్టంగా కనిపిస్తుంది గానీ దాని అల్లిక బాగుండదు, పెళుసుగా ఉంటుంది. ఫ్లోరైడ్ నీళ్లు తాగుతూ కాల్షియం తక్కువ తినేవాళ్లలో ఎముకలు గుల్లబారడం కూడా జాతీయ పోషకాహార సంస్థవారు 1970లలోనే చూశారు. ఆమె చిన్నప్పుడు ఏ ఊళ్లో, ఏ బావి నీళ్లు తాగి పెరిగారో డాక్టరుకు చెప్పండి. డెక్సా అంకెలను చదివేటప్పుడు అది పనికొస్తుంది.

ఇక మోకాళ్లు. గుజ్జు అరిగిందనే మాట విని, అది చెప్పు అడుగు అరిగినట్టు రాపిడికి పోతుందని అనుకుంటాం. లోపల జరిగేది వేరు. మనం గుజ్జు అనే మృదులాస్థిలో రక్తనాళాలు ఉండవు. కాండ్రోసైట్లనే కణాలు అక్కడక్కడా, చాలా తక్కువగా ఉంటాయి. చుట్టూ ఉన్న కొల్లాజెన్ వలను, నీటిని పట్టి ఉంచే అగ్రికాన్ అనే ప్రొటీన్‌ను చూసుకునేది అవే. మోకాలికి దెబ్బ తగిలినా, బరువు ఎక్కువైనా, కీలులో సన్నగా వాపు నిలిచిపోయినా ఈ కణాల తీరు మారుతుంది. తాము కాపాడాల్సిన వలనే తెంచే ఎంజైములను వదలడం మొదలుపెడతాయి. ముందు అగ్రికాన్ పోతుంది, తర్వాత కొల్లాజెన్. వయసైన కణాలు కొన్ని విభజన ఆపేసి, చావకుండా అక్కడే ఉండి వాపు కలిగించే పదార్థాలు వదులుతూ పక్కవాటినీ పాడుచేస్తాయి.

పోయినది తిరిగి పుడుతుందా అంటే, డెన్మార్క్‌లో జరిగిన ఒక పరిశోధన నాకు గుర్తొస్తుంది. 1950ల నుంచి 1963 దాకా జరిగిన అణుబాంబు పరీక్షలతో గాలిలో కార్బన్-14 అనే రేడియోధార్మిక కార్బన్ బాగా పెరిగి, తర్వాత తగ్గుతూ వచ్చింది. అది తిండి ద్వారా అందరి ఒంట్లోకీ చేరింది. ఆ గుర్తును బట్టి మోకాలి మృదులాస్థిలోని కొల్లాజెన్ ఎప్పటిదో లెక్కగట్టారు. 2016లో వచ్చిన ఫలితం ఏమిటంటే, అది యుక్తవయసు నాటికే తయారైపోయింది, ఆ తర్వాత కొత్తది దాదాపు చేరలేదు. కీళ్లనొప్పులున్న మోకాళ్లలోనూ అంతే. ఎముక ఏటా కొంత కొత్తదవుతుంది, గుజ్జు మాత్రం జీవితానికి ఒక్కసారే.

అందుకే మూలకణాల ఇంజెక్షన్‌తో గుజ్జు మళ్లీ పుడుతుందని ఎవరైనా గ్యారంటీగా చెబితే నమ్మకండి. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం రక్త సంబంధమైన కొన్ని జబ్బులకు తప్ప, మూలకణాలను అనుమతి ఉన్న క్లినికల్ ట్రయల్‌లోనే వాడాలి. ఆ తర్వాత 2022లో మోకాలి అరుగుదలకు ఒక మూలకణాల మందుకు మన దేశంలో అనుమతి వచ్చింది, మీకు చెబుతున్నది అదేనా అని అడగండి. ట్రయల్‌లో చేరినవాళ్ల దగ్గర డబ్బు తీసుకోరు. అనుమతి లేనిదానికి మీ దగ్గర డబ్బు అడుగుతున్నారంటే అది వ్యాపారమే. వయసైన కణాలను మోకాలిలో చంపే ఒక మందు మీద అమెరికాలో పెద్ద ఆశలుండేవి, అది కూడా 2020లో ట్రయల్‌లో పనిచేయలేదు. పరిశోధన సాగుతోంది, సాగాలి కూడా. మీ అమ్మగారి చీటీ డబ్బులతో మాత్రం కాదు.

మోకాలికి ఇప్పుడు నిజంగా పనికొచ్చేవి వేరే ఉన్నాయి. తొడ ముందు కండరానికి బలం పెంచే వ్యాయామం, బరువు ఎక్కువుంటే తగ్గడం, నేల మీద గొంతుకు కూర్చోవడం మానడం, కమోడ్ వాడటం. కుర్చీలో కూర్చుని కాలు నిటారుగా చాపి, పది లెక్కపెట్టేదాకా ఉంచి దించడం ఆమె ఈ రోజే మొదలుపెట్టవచ్చు. తర్వాత ఫిజియోథెరపిస్టు చూపినట్టు చేయి పట్టుకుని కుర్చీలోంచి లేచి కూర్చోవడం. దీనివల్ల ఇంకో లాభం ఉంది, కండ బలపడితే పడిపోవడం తగ్గుతుంది. వయసుతో కండలోని మూలకణాలూ మందగిస్తాయి, కానీ బరువు పనికి ఎనభైల్లో కూడా కండ స్పందిస్తుంది. దానికి పప్పు, గుడ్డు, పెరుగు, చేప లాంటివి ప్రతి పూటా ఉండాలి. రాత్రి చారన్నంతో సరిపెట్టుకునే అలవాటు ఉంటే మాన్పించండి. ముందుకు బాగా వంగి బిందెలు ఎత్తడం, నేల తుడవడం వద్దు, గుల్లబారిన వెన్నుపూసకు అది మంచిది కాదు. బాత్‌రూమ్‌లో పట్టుకోవడానికి కడ్డీ, రాత్రిపూట చిన్న లైటు పెట్టించండి.

మీ సంగతి. అమ్మకు వచ్చింది కాబట్టి మీకు వచ్చే అవకాశం కొంత ఎక్కువే. కానీ మీకు అండాశయాలు ఉన్నాయి, ఇంకా పనిచేస్తున్నాయి, ముప్పు ముందే తెలిసింది. ఆమెకు 46వ ఏట ఇవేవీ లేవు. నెలసరి తప్పుతోందని గైనకాలజిస్టుకు చూపించండి. రక్తస్రావం ఎక్కువగా ఉందని గర్భసంచి తీసేద్దామంటే, మందులతో అదుపు చేసే మార్గాలున్నాయా అని అడగండి, కావాలంటే ఇంకో డాక్టరు అభిప్రాయం తీసుకోండి. థైరాయిడ్, విటమిన్ డి పరీక్షలు చేయించుకోండి. రోజూ నడక మంచిదే, కానీ ఆస్టియోసైట్లను కదిలించడానికి నడక ఒక్కటే చాలదు. వారంలో రెండు మూడు రోజులు బరువులతో వ్యాయామం, మెట్లెక్కడం లాంటివి చేర్చండి. నెలసరి పూర్తిగా ఆగిపోయాక ఒకసారి డెక్సా తీయించుకోవాలా అని డాక్టరుతో మాట్లాడండి. మీ అమ్మగారి మణికట్టు, ఆమె డెక్సా అంకెలు అప్పుడు తప్పక చెప్పండి.

అమ్మగారి పాత డెక్సా రిపోర్టు పారేయకండి. ఏడాది రెండేళ్ల తర్వాత మళ్లీ తీసేటప్పుడు వీలైనంతవరకు అదే సెంటర్‌లో, అదే మెషీన్ మీద తీయించండి. మెషీన్ మారితే అంకెలు కొంచెం అటూ ఇటూ అవుతాయి, మందు పనిచేస్తోందో లేదో తేల్చుకోవడం కష్టమవుతుంది.